సీమకు మర్యాద నేర్పబోయాను

కాలేజీ మేష్టర్లకు నడవడి నేర్పడానికి నన్ను పంపుతున్నారని చెబితే మా ఆయనకు పొలమారింది. నీళ్లిచ్చాను. తాగి, గొంతు సవరించుకుని నవ్వాడు.

"ఎక్కడి మేష్టర్లకి?"

"కర్నూలు, కడప మేష్టర్లకి."

"పాపం, వాళ్లేం చేశారు నీకు?"

ఆయన నవ్వాడంటే నవ్వడూ మరి! గుంటూరులో ఒక కాలేజీలో తర్కం చెబుతాను నేను. పొద్దున లేచి ఎవరో ఒకరితో వాదించకపోతే నాకు కాఫీ రుచించదు. రిక్షా అతనూ, కూరలమ్మీ, మా ప్రిన్సిపాలుగారూ అందరూ నా నోట్లో పడి నలిగినవాళ్లే. అలాంటి మనిషిని పట్టుకుని, ఎదుటివాడు చెప్పేది వినడం, వాడికి అర్థమయ్యేలా చెప్పడం, నలుగురితో కలిసి పనిచెయ్యడం, వేళకు రావడం, ఇవన్నీ పిల్లలకు ఎలా అలవాటు చెయ్యాలో మేష్టర్లకు చెప్పి రమ్మన్నారంటే, పంపినవాళ్లకు నా సంగతి బొత్తిగా తెలియదన్నమాట. లేదా బాగా తెలుసన్నమాట. కొన్నాళ్లపాటు నా పీడ విరగడవుతుందని మా ప్రిన్సిపాలుగారే నా పేరు చెప్పారని తరవాత తెలిసింది.

అసలు దీనికంతటికీ మూలం సావిత్రి. నా శిష్యురాలు. తర్కంలో దానికి సాటి వచ్చే పిల్ల మా కాలేజీలో లేదు. కర్నూలు రాజధాని అయ్యాక అక్కడ కొత్త ఆఫీసులు బోలెడు వచ్చాయి కదా, గుమాస్తా ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లింది. "ఒక రైతు లబోదిబోమంటూ వచ్చి శిస్తు రసీదు పోయిందన్నాడనుకో, ఏం చేస్తావమ్మాయీ?" అని అడిగారట. ఇది నోరు విప్పలేదు. ఇంకోసారి అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. తిరిగొచ్చి పిల్ల ఆ మాట చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు చదివించి, ఎదుట నిలబడ్డ మనిషితో మాట్లాడటం నేర్పలేదంటే మనమంతా ఏం వెలగబెడుతున్నట్టు? ఆ ఊపులో పైవాళ్లకు రాసి పడేశాను. కొత్త సబ్జెక్టు వద్దు, కొత్త పుస్తకం వద్దు, కొత్త పరీక్ష అసలే వద్దు, ఇప్పుడు చెబుతున్న పాఠాల్లోనే కూరలో ఉప్పులా ఇది కలపండి అని. రాసినావిడే వెళ్లి కలిపి చూపించాలని జవాబొచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఈ నడవడి గొడవంటే గిట్టని పెద్దాఫీసరు ఒకాయన ఉన్నాడు. బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆయన కడప కాలేజీకి వస్తాడట. ఆ వేళకు ఎవరో ఒక మేష్టరు, తన మామూలు పాఠంలో ఇది కలిపి ఆయన ముందు చెప్పి చూపించాలట. నేను చెబితే పనికిరాదు, మేష్టరే చెప్పాలి. ఒక్కరూ దొరక్కపోతే ఈ ఆలోచనను అక్కడే పూడ్చిపెడతారు. అంటే వచ్చే ఏడు ఇంకో సావిత్రి వెళ్లి ఆ కుర్చీ ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అది తలుచుకునే రైలెక్కాను.

కర్నూలు: డేరాల రాజధాని

ద్రోణాచలంలో బండి మారి కర్నూలులో దిగేసరికి జుట్టంతా బొగ్గు నుసి. ఊరు చూద్దును కదా, పెళ్లివారు దిగినట్టు ఎటు చూసినా డేరాలు! మా వైపు డేరా వేస్తే పెళ్లికో సర్కసుకో. ఇక్కడ డేరాల్లో గుమాస్తాలు, గుమాస్తాల మీద ఆఫీసర్లు, గాలొస్తే కాగితాలు పట్టుకోవడానికి బంట్రోతులు. ఇళ్లు దొరకవు. ఒక్క గదికి ముప్పై రూపాయలు అడుగుతున్నారు. ఆ డబ్బుతో గుంటూరులో పెరడూ, నుయ్యీ ఉన్న ఇల్లే వస్తుంది.

నాకు బస దొరికింది ఖాసీం సాహెబుగారింట్లో. ఆయన అక్కడి కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతారు. వాళ్లమ్మ హుసేన్‌బీ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి అడగవలసినవన్నీ అడిగేసింది.

"ఎంతిస్తారమ్మా నీకు నెలకు? పిల్లోళ్లు లేరా? ఏంటికి లేరు? మీ ఆయన నిన్ను ఒంటిగా ఎట్ల పంపినాడు?"

మా వైపు ఇలాంటివి మనిషిని అడగరు. పక్కింటావిడని అడుగుతారు. ఈవిడ మొహం మీదే అడిగింది, చెప్పాక "పాపం" అని ఒక్కసారి అని, మరి జీవితంలో ఆ ఊసెత్తలేదు. ఆలోచించి చూస్తే ఇదే నయం.

రాత్రి జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిమిండి పెట్టింది. చెనిక్కాయలంటే మన వేరుశనగలే. ఊరిమిండి అంటే వాటితో రోట్లో నూరిన పచ్చడి. "కారం ఎక్కువేమో చూసుకోమ్మా," అంది. "మాది గుంటూరండీ, మాకు కారం చెప్పకండి," అన్నాను నవ్వుతూ. రెండో ముద్దకు నవ్వు పోయింది. మూడో ముద్దకు చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. హుసేన్‌బీ మజ్జిగ చెంబు నా పక్కన పెట్టి, అటు తిరిగి నవ్వుకుంది. వీపు కదలడం నేను చూశాను.

మేష్టర్ల గదిలో

మర్నాడు కాలేజీలో మేష్టర్లందరినీ కూర్చోబెట్టి నా ఉపన్యాసం దంచాను. వినడం ఎంత ముఖ్యమో గంటసేపు చెప్పాను, మధ్యలో ఒక్కరినీ మాట్లాడనివ్వలేదు. చివర ఒక ఆట చెప్పాను. మీ పాఠం ఏదైనా సరే, తరగతిలో ఒకరు రైతు, ఒకరు ఆఫీసులో కూర్చున్న మనిషి. రైతు వచ్చి తన గోడు చెబుతాడు. రెండోవాడు విని, విన్నది తిరిగి చెప్పి, తన చేతిలో ఉన్నదేదో లేనిదేదో చెప్పాలి. అంతే.

బుధవారం కడపలో పెద్దాఫీసరు ముందు ఇది చెప్పేవారెవరని అడిగాను. గణితం మేష్టారు తన లెక్కల్లోకి రైతు రాడన్నాడు. చరిత్ర మేష్టారు ఇదంతా ఇంట్లో తల్లి నేర్పవలసింది అన్నాడు. ఇంగ్లీషు మేష్టారు గడియారం చూశాడు. కిటికీ దగ్గర ఒకాయన పొడుగ్గా, నల్లగా, మొదట్నుంచీ ఆకాశంకేసే చూస్తున్నాడు. ఆయన ఓబులరెడ్డి. వృక్షశాస్త్రం.

"మీరేమంటారు?" అని నిలదీశాను.

"వాన పడదు మేడమ్," అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మండింది. నా మాట వినకుండా మబ్బులు లెక్కపెడుతున్న మనిషికి వినడం గురించి మరో పావుగంట క్లాసు పీకాను. ఆయన తల వంచుకుని విన్నాడు. బయటికొచ్చాక ఖాసీం సాహెబుగారు మెల్లగా చెప్పారు. ఓబులరెడ్డికి నందికొట్కూరు దగ్గర చేనుంది. చెనిక్కాయ పండింది. నేల బిగుసుకుపోతోంది. తడి ఉండగానే చెట్టు పెరికితే కాయలు చెట్టుతో వస్తాయి, బిగిస్తే కాయలు భూమిలోనే తెగిపోతాయి. కూలివాళ్లా, రాజధాని పనులకు కర్నూలు వచ్చేశారు. డేరాలు పాతడానికి ఎక్కువిస్తారు కదా. ఏడాది తిండి మట్టిలో ఉంటే ఆ మనిషి నా ఉపన్యాసం ఎలా వింటాడు?

"రేపు ఆదివారం మేమంతా పోతాన్నాం పెరికేదానికి," అన్నారు ఖాసీం సాహెబు. "ఎండాకాలంలో మా ఇంటి గోడ పడిపోతే అతనొచ్చి నాతో సమంగా పని చేసినాడు. ఇప్పుడు నా వంతు. దీన్ని ముయ్యి అంటాం మేడమ్. నా పనికి నువ్వొస్తే నీ పనికి నేనొస్తా."

"నేనూ వస్తాను," అన్నాను. ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే మళ్లీ ఆ ఊరిమిండే గతి.

నందికొట్కూరు దారి: చెనిక్కాయ చేను

బస్సు దిగి చేలకు అడ్డంపడి నడిచాం. ఎర్రనేల, కంపచెట్లు, మధ్యలో పచ్చగా చేను. మా వైపు కాలవ గట్టున నిలబడితే కాళ్లు చల్లబడతాయి. ఇక్కడ పొద్దున ఎనిమిదింటికే చెప్పుల్లోంచి సెగ తగులుతుంది.

ఓబులరెడ్డి భార్య నారాయణమ్మ చేను అంచున నిలబడి ఉంది. చీర దోపి, తలకు గుడ్డ చుట్టి, సైన్యాధిపతిలా. "ఈయమ్మ ఎవురు?" అంది నన్ను చూసి. "కాలేజీ మేడమ్," అన్నాడు మొగుడు. "పెరుకుతాదా?" అంది. "పెరుకుతాను," అన్నాను నేనే. "అయితే రా," అని సాలు చూపించింది.

పదిమంది వరసగా వంగి, ఒకొక్క సాలు పట్టుకుని పెరుక్కుంటూ పోవాలి. చెట్టు మొదలు పట్టి, కొంచెం వూపి, లాగాలి. మట్టి దులిపి, కాయలు పైకొచ్చేలా పడెయ్యాలి. మొదటి చెట్టు లాగితే ఆకులు చేతికొచ్చాయి, చెట్టు భూమిలోనే ఉంది. రెండోది లాగితే చెట్టొచ్చింది, నేను వెనక్కి పడ్డాను. ఆలూరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నా పక్క సాలులో ఉంది. "నెలకు శానా దుడ్లు ఇస్తారంటనే నీకు, ఏం పనికి ఇస్తారమ్మా?" అని నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. దుడ్లంటే ఆవిడ భాషలో డబ్బులు. తర్కమంటే ఏమిటో ఆవిడకు వంగినచోటే వివరించాను. అంతా విని, "అయితే కూచోనే చేసే పని," అని తేల్చేసింది.

గంటకల్లా నా నడుము నాది కాకుండా పోయింది. అయినా వింత ఏమిటంటే, నేను వెనకబడలేదు. అందరితో సమంగానే పోతున్నాను. నా గొప్పే అనుకున్నాను. తల తిప్పి చూద్దును కదా, ఇటు ముసలమ్మ తన సాలు పెరుకుతూ మధ్యమధ్య నా సాలులో రెండు చెట్లు లాగేస్తోంది. అటుపక్క ఖాసీం సాహెబు అదే పని.  నారాయణమ్మ కావాలనే నన్ను ఇద్దరు గట్టివాళ్ల మధ్య పెట్టింది. మేష్టర్ల గదిలో నేను గొంతు చించుకున్నదంతా ఇక్కడ చప్పుడు లేకుండా జరిగిపోతోంది. తల దించుకుని మరో చెట్టు పట్టుకున్నాను.

మధ్యాహ్నం రాగిసంగటి, పప్పు. కంపచెట్టు నీడలో ఓబులరెడ్డి నా పక్కనే చతికిలబడి, ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ రైతు ఆట నా పాఠంలో యాడ పెట్టాలో నువ్వే చెప్పు."

కాలేజీలో 'మీరు, మేడమ్' అన్న మనిషి చేలోకి వచ్చాక 'నువ్వు' అంటున్నాడు. మా వైపైతే చిన్నబుచ్చుకునేదాన్ని. ఇక్కడ మాత్రం నాకు హోదా పెరిగినట్టనిపించింది.

"ఇప్పుడేం చెబుతున్నారు?" అన్నాను.

"చెనిక్కాయ ఆకుమచ్చ తెగులు. పిల్లోళ్లకు దాని లాటిన్ పేరు నోటికొచ్చు."

"సరే, ఒక రైతు ఆ మచ్చలున్న ఆకు పట్టుకొచ్చి, 'నా చేను పోతాందయ్యా' అన్నాడు. మీ కుర్రాడేం చెబుతాడు?"

ఓబులరెడ్డి సంగటి ముద్ద పప్పులో ముంచాడు. "లాటిన్ పేరు చెప్తాడు," అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం.

పొద్దుగూకేవేళకు చేను మూడొంతులు అయింది. మిగతాది ఇంకో రెండు రోజుల్లో అయిపోతుందన్నారు. నారాయణమ్మ చేతులు దులుపుకుంటూ నా దగ్గరికొచ్చింది. మొహంలో మొదటిసారి నవ్వు.

"ఏమక్కా, నీ పని కడపలో బుధవారమంట కదా. మాయన వస్తాడులే."

వెతకబోయిన తీగ కాలికి తగిలింది కదా! కళ్లకద్దుకుని ఊఁ అంటే చాలు. కానీ నేను మర్యాదస్తురాలిని, గుంటూరుదాన్ని. మా వైపు ఎవరైనా ఏదైనా ఇస్తామంటే ముందు వద్దనాలి. వాళ్లు బలవంతం చెయ్యాలి, మనం మొహమాటపడాలి, అప్పుడు పుచ్చుకోవాలి.

"అయ్యయ్యో, అదేం అక్కర్లేదండీ," అన్నాను. "ఏదో సరదాకి వచ్చాను. దీనికి బదులు చెయ్యడమేమిటి!"

నారాయణమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"సరదాకి వచ్చినావా? మా చేను పండేది ఎండేది నీకు సరదానా?" అంది. చేను పక్క గుడిసెలోకి వెళ్లి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని అరచేతిలో ఆ రోజు కూలి డబ్బులు పెట్టి, వేళ్లు మూసింది. "ముయ్యి వద్దంటే కూలే. తీసుకో."

 అక్కడైనా ఊరుకోవచ్చు కదా! పౌరుషం పొడుచుకొచ్చి, "సరే, అలాగే!" అని ఆ డబ్బులు కొంగున ముడేసుకుని వచ్చేశాను.

బస్సులో ఖాసీం సాహెబు నా పక్కకు జరిగి అన్నారు. "ముయ్యి వద్దంటే ఈడ ఏమర్థమో తెలుసునా మేడమ్? నీతో నాకు సంబంధం వద్దు, నువ్వు నాకు సరితూగవు అని. ఆమె ఏడ్చిందో లేదో నాకు తెలీదు. అంత మాటన్నారు మీరు."

నడవడి నేర్పడానికి వచ్చినదాన్ని! మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొంగున ముడి నిప్పుకణికలా అనిపించింది. కర్నూలులో దిగగానే ముడి విప్పి డబ్బులు ఆయన చేతిలో పోశాను.

"ఇవి ఆవిడకు తిరిగిచ్చెయ్యండి. నాకు కూలి వద్దు, ముయ్యే కావాలని చెప్పండి. నాకు బుద్ధి లేదని కూడా చెప్పండి."

"ఆ రెండోది చెప్పాల్సిన పని లేదులెండి," అన్నారాయన. మెత్తగా మాట్లాడే మనుషులతో ఇదే చిక్కు, ఎక్కడ కోశారో తరవాత గాని తెలియదు.

ఎర్రగుంట్ల: అర్ధణా యుద్ధం

సోమవారం నారాయణమ్మ దగ్గర్నుంచి జవాబు రాలేదు. ఓబులరెడ్డి చేను మిగిలింది కదా, కాలేజీకి సెలవు పెట్టాడు. ఖాసీం సాహెబూ అక్కడే. మంగళవారం నేను బండెక్కాను. గుంతకల్లులో మారి కడప బండిలో కూర్చున్నాను. కడప మేష్టర్లలో ఒక్కరైనా ఒప్పుకుంటారేమో కాళ్లావేళ్లా పడదామని ఆశ. దారి పొడవునా నన్ను నేనే తిట్టుకున్నాను. అక్కర్లేదండీట, అక్కర్లేదు! అంత అక్కర పెట్టుకుని!

బుధవారం బాగా పొద్దెక్కాక ఎర్రగుంట్లలో బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఉగ్గాని వాసన. నానబెట్టిన బొరుగులతో చేసే ఉప్మా అది, మిరపకాయ బజ్జీతో తింటారు. బజ్జీతో కలిపి మూడణాలన్నాడు. తిని చూస్తే బజ్జీ చల్లగా ఉంది. మూడున్నర పుచ్చుకున్నాడు.

"మూడన్నావు కదయ్యా?"

"మూడు ఉగ్గానికి. బజ్జీకి అర్ధణా."

"బజ్జీతో కలిపి మూడన్నావు. ఇప్పుడు కాదంటున్నావు. రెండూ నిజం కావడానికి వీల్లేదు."

"వేడి బజ్జీ అయితే మూడులోనే. సల్లబజ్జీ మిగిలిపోయింది, దాన్ని నువ్వు కొనుక్కుంటివి."

ఇదెక్కడి తర్కం! నేను వదల్లేదు. వాడూ వదల్లేదు. జనం మూగారు. ఇద్దరు నా పక్షం, నలుగురు వాడి పక్షం. నేను సరిగ్గా వాణ్ణి మూలకు తోసి, ఇక చివరి దెబ్బ వేద్దామని నోరు తెరిచేసరికి వెనకనుంచి కూత వినబడింది. తిరిగి చూస్తే బండి తోక పోతోంది. నా పెట్టె అందులోనే పోతోంది.

ఉగ్గాని అతను అర్ధణా నా చేతిలో పెట్టేశాడు. "ఇంత పోట్లాడినావు, నీదే గెలుపులే. కడపకు పోవల్లనా? ఉండు." పరుగున వెళ్లి రోడ్డు మీద నాపరాళ్ల బండలు వేసుకున్న లారీని ఆపించాడు. మనుషులు ఎంత మంచివాళ్లో తెలుసుకోవడానికి నాకు ముందు వాళ్లతో పోట్లాట కావాలి కాబోలు.

లారీ డ్రైవరు పుల్లయ్య. లారీకి అద్దం లేదు. ముందు బండ్లు లేపిన తెల్లటి రాతిపొడి అంతా నా మీదే.

"ఏం పని మీద పోతాండావమ్మా?"

"మేష్టర్లకి నడవడి నేర్పడానికి."

పుల్లయ్య గేరు మార్చాడు. "వాళ్లకు లేదా?"

"ఉంది. నాకే లేదు. రెండు గంటలకల్లా అక్కడుండాలి," అన్నాను. నాకు ఏడుపొస్తోంది.

"ఏడ్చొద్దులే. రెండింటికి కదా, చేరుస్తాలే," అన్నాడు. గట్టిగానే తోలాడు, కానీ సగం దారిలో టైరు పగిలింది. చల్లగా దిగి, చక్రం విప్పుతూ, నా మొగుడి జీతం ఎంతో అడిగాడు.

కడప: రైతమ్మ

కాలేజీ గేటు దగ్గర దిగేసరికి రెండు దాటి చాలాసేపయింది. నెత్తినుంచి కాళ్లదాకా తెల్లటి పొడి. దాహం. ఆకలి. పెట్టె లేదు. అయిపోయింది, పూడ్చిపెట్టేసి ఉంటారు, ఇక చూడవలసింది ఆ గొయ్యి ఒక్కటే అనుకుంటూ వరండాలో నడిచాను. ఒక గదిలోంచి తెలిసిన గొంతు వినబడింది.

"ఆకు చూసి పేరు చెప్పేది కాదప్పా. ఆకు తెచ్చిన మనిషిని చూడండి ముందు."

గుమ్మంలోనే ఆగిపోయాను. నల్లబల్ల దగ్గర ఓబులరెడ్డి! బెంచీ మీద తలకు తుండుగుడ్డ చుట్టుకుని, చేతిలో మచ్చలున్న చెనిక్కాయ ఆకు పట్టుకుని, రైతు వేషంలో ఖాసీం సాహెబు. మూల కుర్చీలో, కాలు మీద కాలేసుకుని, పెద్దాఫీసరు. వీళ్లిద్దరూ బస్సు పట్టుకుని నంద్యాల, మైదుకూరు మీదుగా నాకంటే ముందే వచ్చేశారు.

ఓబులరెడ్డి నన్ను చూశాడు. రెప్ప కూడా వాల్చలేదు.

"ఇదో, ఇంకో రైతమ్మ వచ్చింది," అన్నాడు తరగతితో. "శానా దూరం నుంచి వచ్చినట్టుండాది. సుబ్బరాయుడూ, నువ్వు చూడప్పా."

పొడుగాటి కుర్రాడొకడు సిగ్గుపడుతూ లేచాడు. నేను ఫలానా అని చెప్పబోయాను. ఓబులరెడ్డి కళ్లతోనే 'ఊరుకో' అన్నాడు. ఆ కుర్రాడు ముందు బెంచీ జరిపి నన్ను కూర్చోబెట్టాడు. కూజాలోంచి నీళ్లు వంచి ఇచ్చాడు. నేను తాగేదాకా ఊరుకున్నాడు. అప్పుడడిగాడు.

"యాడ నుంచి వచ్చినావమ్మా? ఏం కష్టమొచ్చింది?"

అంతే. కట్ట తెగింది. చల్లబజ్జీ దగ్గర మొదలుపెట్టి, అర్ధణా, రైలు, పెట్టె, లారీ, టైరు అంతా వెళ్లగక్కాను. వేషం కాదు, నిజంగానే అరిచాను. మధ్యలో రైల్వేవాళ్లనూ, డేరాలనూ, మొత్తం దేశాన్నీ తిట్టాను. ఆ కుర్రాడు ఒక్కసారి కూడా అడ్డురాలేదు. నా ఊపిరి అయిపోయేదాకా విన్నాడు.

"నాకు సరిగా అర్థమైందో లేదో చూడమ్మా. నీ పెట్టె బండిలో పోయింది, వేళ మించిపోయింది, నీ తప్పో వాని తప్పో గానీ శానా అవస్థ పడినావు. అంతేనా?"

"అంతే," అన్నాను.

"పోయిన వేళ నేను తేలేను. పెట్టె సంగతి మాత్రం ఇప్పుడే స్టేషనుకు పోయి కనుక్కుంటా. దొరుకుతాదని మాట ఇయ్యలేను, కనుక్కొని వచ్చి చెప్తా." తరవాత పాఠంలో లేని మాట ఒకటి అన్నాడు. "అన్నం తిన్యావా?"

 తల అడ్డంగా తిప్పాను. కళ్లు నిండిపోయాయి. నన్ను, నన్ను నోరు మూయించిన మనిషి ఇంతవరకు పుట్టలేదు!

పెద్దాఫీసరు కాలు మీద కాలు తీసేసి ముందుకు వంగాడు. "బాగుందయ్యా. ఆ అరుస్తున్న పల్లెటూరి ఆవిడ కూడా చల్లబడింది. మా ఆఫీసు కిటికీ దగ్గర ఇలాంటివాడు ఒక్కడుంటే నాకు సగం తలనొప్పి తగ్గును. దీన్ని సాగనివ్వండి." ఆనక అటూ ఇటూ చూశాడు. "ఇంతకీ ఇదంతా నడిపిస్తున్న మేడమ్ ఏరీ? వేళకు రావడం కూడా ఇందులో ఉందనుకుంటానే?"

గది గది అంతా నాకేసి చూసింది. రాతిపొడి రాలుస్తూ లేచి నిలబడ్డాను.

"నేనేనండీ," అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైకి చూసి, మొహం గంభీరంగా పెట్టుకోవాలని చాలా ప్రయత్నించాడు. కుదరలేదు. ముందు ఆయన నవ్వాడు, తరవాత తరగతి నవ్వింది. పెట్టె సాయంత్రానికి స్టేషన్లో దొరికింది.

లెక్క

ఆ సాయంత్రం కారం దోసెలు తింటూ అడిగాను. "నారాయణమ్మగారు ఏమన్నారు?"

"దుడ్లు చూసి నవ్వింది," అన్నాడు ఓబులరెడ్డి. "'ఆయమ్మకు దారి తెలిసింది, పోయి చేసి రాపోండి' అనింది. నిన్ననే చేను అయిపోయింది. కాయంతా చెట్టుకే వచ్చింది."

చాలా థాంక్సండీ, మీరింత శ్రమ పడాల్సింది కాదు అనబోయాను. నోటిదాకా వచ్చిన మాటను దోసె ముక్కతో కలిపి మింగేశాను.

"మరి ఇప్పుడు ఎవరిది ఎవరికి?" అన్నాను.

ఖాసీం సాహెబు మొహం విప్పారింది. "ఓబులరెడ్డిది సరికి సరి. నీ పనికి నేనూ ఒక దినం వచ్చినా కదా. నువ్వు నాకు ఒక దినం ఉండావు." ఆయన కూడా నన్ను 'నువ్వు' అనేశాడు. "ఎండాకాలం మా అమ్మ కారం దంచుతాది. రావల్ల."

"వస్తాను," అన్నాను. ఒక్కసారి కూడా వద్దనలేదు.

ఇంటికొచ్చాక మా ప్రిన్సిపాలుగారు నా మొహం చూసి, అప్పుడే వచ్చేశారా అన్నారు. సావిత్రి మళ్లీ దరఖాస్తు పెట్టింది. రోజూ సాయంత్రం మా ఇంటికొస్తుంది, నేను రైతునై దాన్ని తిడతాను, అది నీళ్లిచ్చి వింటుంది. రాజధాని హైదరాబాదు వెళ్లిపోతుందని అంతా అనుకుంటున్నారు. పోతే పోనీ, డేరాలు పీకేసి పట్టుకుపోనీ. నా ముయ్యి మాత్రం కర్నూలులోనే ఉంది.

మొన్న పెరట్లో రోకలి పట్టి అలవాటు చేసుకుంటుంటే మా ఆయన వచ్చి నిలబడ్డాడు.

"నేనూ వస్తానే. ఇద్దరం దంచితే తొందరగా అవుతుంది."

"రండి. కానీ దంచాక, మీ పనికి మేమొస్తామని వాళ్లంటారు."

"అయ్యో, వాళ్లకెందుకు శ్రమ, అక్కర్లేదని చెబుతాను."

రోకలి కింద పెట్టి, ఆయన్ని కూర్చోబెట్టి, మొదట్నుంచీ మొదలుపెట్టాను.